గిన్నె కొలత, త్రాసు తూకము

ఫానీ ఫార్మరు రచించిన బోస్టన్ వంటపాఠశాల గ్రంథము అమెరికాలో 1896లో వెలువడినది. అంతకు ముందటి వంటపుస్తకములు తరచుగా కోడిగుడ్డంత వెన్న, గుప్పెడు పిండి అని చెప్పి ఊరకుండెడివి. ఫార్మరు ఆ పద్ధతిని విడిచి, అరపైంటు గిన్నెను, చెంచాలను ప్రమాణముగా గైకొనెను. పిండిని ముందు జల్లించవలెను, చెంచాతో గిన్నెలో పోసి, పైభాగమును కత్తితో మట్టము చేయవలెను, గిన్నెను కుదపరాదు. ఇది చాదస్తమని తోచవచ్చును. కాని భౌతికశాస్త్రము తెలిసినవారు ఆ గ్రంథములో ముందుగా మెచ్చుకొనవలసినది ఈ నియమములనే.

నీటి ఘనపరిమాణము తెలిసినచో తూకము తెలిసినట్లే. పొడి పదార్థముల సంగతి అట్లు కాదు. గిన్నెలో పదార్థముతో పాటు రేణువుల నడుమ గాలియు ఉండును. సమానమైన ఉక్కుగుండ్లను పాత్రలో పోసినచో అవి నూటికి సుమారు 60 వంతుల చోటు మాత్రమే ఆక్రమించునని, కుదిపినచో 64 వంతుల వరకు సర్దుకొనునని 1960లో జి. డి. స్కాట్ ప్రకటించిన ప్రయోగములు చూపినవి. నున్నని గుండ్లకే ఇంత తేడా ఉండగా, ఒకదానినొకటి అంటుకొను పిండిరేణువుల మాట చెప్పనేల! అరపైంటు గిన్నెలో చెంచాతో వదులుగా పోసిన మైదా సుమారు 120 గ్రాములు తూగును. అదే గిన్నెను సంచిలో ముంచి నింపినచో 150 గ్రాములకు చేరవచ్చును.

నియమములో ఇంత జాగ్రత్త చూపిన గ్రంథకర్త్రి పట్టికలో మాత్రము అంత జాగ్రత్త చూపలేదు. నాలుగు గిన్నెల పిండి ఒక పౌను అని ఒకే అంకె ఇచ్చినది. అనగా గిన్నెకు 113 గ్రాములు. ఎంత వరకు హెచ్చుతగ్గులుండునో చెప్పలేదు. పంచదార పిండి వలె మోసము చేయదు. అయినను ఆమె లెక్కలో రెండు గిన్నెలు ఒక పౌను, అనగా గిన్నెకు 227 గ్రాములు; నేటి పట్టికలలో సుమారు 200. ఈ తేడా పలుకుల పరిమాణము వలన కలిగినదా, సర్దుబాటు వలన కలిగినదా? పట్టికను బట్టి తెలియదు. నేడు చేతులు మారుచున్న పట్టికలలో అంకె మిగిలినది, జల్లించుమను మాట తరచు రాలిపోయినది. ఆ గిన్నె అమెరికాలో 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ గిన్నె 250 అను సంగతియు మరుగున పడుచున్నది.

ఈ విషయములో తెలుగువారి పాత కొలతలు నిజాయితీ గలవి. సోలకు నాలుగు గిద్దలు, తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు: అన్నియు ఘనపరిమాణములే, తూకమును గూర్చి ఏమియు వాగ్దానము చేయవు. సోల బియ్యము ఇన్ని గ్రాములని వ్రాయువారు ఏ బియ్యమో, మట్టముగానో రాశిగానో కూడ వ్రాయవలెను.

ఇది రొట్టె గట్టిపడుటతో తీరిపోవు లోపము కాదు. ఫార్మరే 1904లో రోగుల ఆహారమును గూర్చి వేరొక గ్రంథము వ్రాసినది. విరేచనములగు బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనప్పుడు, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలుపవలెనని వైద్యులు చెప్పుదురు, అన్నియు మట్టముగానే. అర చెంచా సన్నని ఉప్పు సుమారు 3 గ్రాములు. చెంచా రాశిగా నిండినచో ఉప్పు మితిమీరి బిడ్డకు అపాయము కలుగవచ్చును. రాళ్ల ఉప్పు అదే చెంచాలో తక్కువ తూగును. అచట మట్టముగా అను ఒక్క మాట రాలిపోయినచో, మిగిలిన అంకెలు ఎంత సరియైనవైనను ప్రయోజనము లేదు.