నడక దూరంలో చదువు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లను ఎవరూ ఒక్కసారిగా నక్షా గీసి కట్టలేదు. అయినా తిరిగి చూస్తే ఒక్క పని కోసమే కుదిరినట్టుంటాయి. చేతిలో డబ్బు తక్కువున్న మనిషి చదువుకోవాలంటే ఏమేం కావాలో అవన్నీ ఇక్కడ నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతాయి. ఆ అమరికే ఈ పేటల పనితనం.

దాని పునాది నారాయణగూడలో ఉంది. ఉర్దూ మాధ్యమానిదే పైచేయిగా ఉన్న నిజాం రాజ్యంలో 1928లో మాడపాటి హనుమంతరావు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి తెరిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తింపు దొరకకపోతే, సంఘసంస్కర్త కార్వే స్థాపించిన మహిళా విద్యాపీఠానికి అనుబంధించి పిల్లల చదువు ఆగకుండా చూశారు. ఆయన పేరుతో ఆ బడి నేటికీ ఉంది. తర్వాత 1940లో కేశవరావు కోరట్కర్ స్మృతిగా కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థ, 1954లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల వచ్చాయి. ఒకరు వేసిన వరసమీద మరొకరు వరస పేర్చినట్టు సాగిందీ పని.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వచ్చేవాళ్లంతా అక్కడి పుస్తకాల కోసం రారు. సొంత పుస్తకాలు, నోట్సు, నీళ్ల సీసా సంచిలో వేసుకుని, కూర్చునే చోటు కోసం వస్తారు. లోపల నిండితే ఆవరణలో చెట్ల కింద చేరతారు. జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదిలో నలుగురితో సర్దుకునే పోటీ పరీక్షల అభ్యర్థికి ఆ కుర్చీయే చదువుల గది.

ఆ ఇరుకు గది ఉండేది పక్కనే, అశోక్‌నగర్‌లో. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ దుకాణాలు, పోటీ పరీక్షల పుస్తకాల కొట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గ్రూప్స్‌కి ఒక దొంతర, డీఎస్సీకి ఒకటి, ఎస్సైకి ఇంకొకటి. నోటిఫికేషన్ వస్తే వీధి మొత్తానికి ఊపొస్తుంది, ఆలస్యమైతే వీధి మొత్తం దిగులు పడుతుంది. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు ఆందోళనకు దిగిందీ ఈ రోడ్ల మీదే.

చదివి చదివి అలసిన మనసుకూ ఇక్కడ చోటుంది. త్యాగరాయ గానసభలో సాయంత్రం కచేరీయో నాటకమో పుస్తకావిష్కరణో ఉంటుంది. కాస్త నడిస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు. 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో, చిక్కడపల్లిని రెండు పెద్ద బస్టాండ్లకూ కలిపింది. ఊరి బస్సు దిగిన కుర్రాడు నేరుగా ఇక్కడికి చేరవచ్చు.

ఇంత చక్కగా కుదిరిన పేటలో కొరత కుర్చీలకే. కొత్త కట్టడాలకు అనుమతులిచ్చేవారు, నిధులు పంచేవారు ముందుగా గ్రంథాలయంలో కూర్చునే చోటు పెంచాలి. మాడపాటివారు మొదలుపెట్టిన పనికి అదే సరైన కొనసాగింపు.