వాడు ఏం ఆడతాడు?

పిల్లాడికి గేమింగ్ మానిటర్ కొనాలి, ఏది మంచిదో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. వాడు ఏం ఆడతాడు? చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోతారు. కొడుక్కి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, కెమిస్ట్రీలో ఎక్కడ తడబడ్డాడో చెప్పగలరు. రోజూ సాయంత్రం వాడు మునిగిపోయే ఆట పేరు మాత్రం తెలియదు. ఆ పేరు తెలియకుండా మానిటర్ ఎంచడం కుదరదు.

మా అక్క కూడా మొదట అలాగే ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, పదిహేను వేల లోపు ఏదైనా చెప్పమంది. దుకాణానికి వెళ్లేముందు ఒకసారి వాడి వెనక కుర్చీ వేసుకుని అరగంట ఆట చూడమన్నాను. ఆ రాత్రే ఫోన్ చేసింది. "అదేదో వాలొరెంట్ అటరా. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. మూల తిరిగితే చాలు, ఒక్క గుండుకి అయిపోతోంది. వాడు అటూ ఇటూ తిప్పుతుంటే నాకు కళ్లు తిరిగాయి" అంది. మానిటర్ ఎంచడానికి కావలసినదంతా ఆ మాటల్లోనే ఉంది.

చూపు ఒక్కసారిగా పక్కకి తిరిగే ఆటలో మొదట చూడాల్సింది రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేస్తుందన్న లెక్క. మామూలు ఆఫీసు మానిటర్ 60 హెర్ట్జ్. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144 హెర్ట్జ్‌కి వెళితే ఆ వ్యవధి 7కి దిగుతుంది. మౌస్ బాణాన్ని తెర మీద గుండ్రంగా తిప్పి చూడండి, ఆటలతో సంబంధం లేని వాళ్లకీ తేడా తెలుస్తుంది. అక్కణ్నుంచి 240కి వెళితే 4 దగ్గరికి వస్తుంది. మొదటి మెట్టులో దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తే రెండో మెట్టులో 3 కూడా రావు. టోర్నమెంట్లు ఆడే వాళ్లకి ఆ కాస్తా ముఖ్యమే. ఇంటర్‌లో చేరబోయే పిల్లాడికి 144, 180 మధ్య ఏదైనా హాయిగా సరిపోతుంది.

అయితే తెర ఎంత వేగంగా వేయగలిగినా అన్ని బొమ్మలు తయారుచేసి పంపాల్సింది కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు. వాలొరెంట్ తేలికైన ఆట. ఓ మోస్తరు కార్డు కూడా సెకనుకు 144 పైనే ఫ్రేములు ఇస్తుంది. అదే కార్డు మీద రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి బరువైన ఆట సెట్టింగులన్నీ పెంచి ఆడితే 60 అందుకోవడమే కష్టం కావచ్చు. అలాంటి ఆటలే ఇష్టపడే పిల్లలకి హెర్ట్జ్ మీద పెట్టే డబ్బు మంచి రంగుల మీద పెట్టడం మేలు. కార్డు ఇచ్చే వేగం, తెర వేగం కలవకపోతే బొమ్మ మధ్యలో అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తుంది. దానికి మందు అడాప్టివ్ సింక్, అంటే కార్డు వేగాన్ని బట్టి తెర తన వేగాన్ని మార్చుకోవడం. కార్డుల కంపెనీ ఎన్విడియా 2013లో దీన్ని జీ-సింక్ పేరుతో తెచ్చినప్పుడు మానిటర్‌లో ప్రత్యేకంగా ఓ చిప్ ఉండాల్సి వచ్చేది, ధర మండిపోయేది. ఏఎండీ ఫ్రీసింక్ 2015లో ఆ చిప్ అవసరం లేకుండా వచ్చింది. 2019 నుంచి ఎన్విడియా కార్డులు కూడా అలాంటి మానిటర్లతో పనిచేయడం మొదలుపెట్టాయి. అందుకే ఇప్పుడు చవక మానిటర్లలో కూడా ఇది దొరుకుతోంది. లేనిది తీసుకోకండి.

మా సహోద్యోగి కూతురిది వేరే సంగతి. ఆ అమ్మాయి ఆడేది పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మీద. అది సెకనుకు 120 ఫ్రేములు దాటి పంపదు కాబట్టి 240 హెర్ట్జ్‌కి పెట్టే డబ్బు వృథా. ఆమెకి కావలసింది హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న మానిటర్. పీఎస్5లో ఫ్రేముల వేగాన్ని బట్టి తెర తన వేగాన్ని మార్చుకోవాలంటే ఆ పోర్టు ఉండాలి. ఇద్దరు పిల్లలదీ ఒకే వయసు, ఇద్దరికీ ఆటంటే ప్రాణం. ఒకరికి నప్పినది ఇంకొకరికి నప్పదు.

సైజు దగ్గర అందరూ 27 అంగుళాలకే మొగ్గుతారు. 1080పీ తెర 24 అంగుళాల్లో అయితే అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు వస్తాయి. 27కి సాగదీస్తే 82కి పడిపోయి అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. ఆ తెర మీదే మా మేనల్లుడు ఫిజిక్స్ క్లాసులు కూడా వినాలి, పీడీఎఫ్‌లు చదవాలి. 27 కావాలంటే 1440పీ తీసుకోవాలి. అప్పుడు 21 లక్షల పిక్సెళ్ల చోట 37 లక్షలు నింపాల్సిన భారం కార్డు మీద పడుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి అక్కా, వాడూ, నేనూ కలిసి వెళ్లాం. దుకాణాల్లో తెరలన్నిటి మీదా పూలు, చేపలు, సముద్రాలు తిరుగుతుంటాయి. అవి చూసి ఏమీ తేల్చలేం. చీకటి దృశ్యం పెట్టించి, అందులో ఏదైనా కదులుతుంటే చూడాలి. వీఏ రకం ప్యానెళ్లలో నలుపు చిక్కగా ఉంటుంది, చవక వాటిలో మాత్రం నల్లటి ఆకారం కదిలితే వెనక మసకగా తోక కనిపిస్తుంది. చీకటి మూలల్లో శత్రువుని వెతికే ఆటకి అది పనికిరాదు. ఐపీఎస్ రకంలో అంత నలుపు రాదు, కదలిక మాత్రం శుభ్రంగా ఉంటుంది, పక్కనుంచి చూసినా రంగు మారదు. పెట్టె మీద రెస్పాన్స్ టైమ్ ఒక్క మిల్లీసెకను అని ఉండే అంకెని నేను లెక్కలోకే తీసుకోను. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలుస్తుంది. ఆ ధరలో హెచ్‌డీఆర్ అన్న మాటా అంతే. 24 అంగుళాల్లో వంపు తెర వల్ల కలిసొచ్చేదీ లేదు.

నేను గట్టిగా పట్టుబట్టేది స్టాండ్ గురించి. చాలా మానిటర్ల స్టాండ్ ముందుకీ వెనక్కీ వంగుతుంది గానీ పైకి లేవదు. ఈ వయసులో పిల్లలు చూస్తూ చూస్తూండగానే పొడుగవుతారు. తెర పై అంచు కంటి ఎత్తుకో, కాస్త కిందికో ఉండాలి. లేకపోతే గంటలకొద్దీ మెడ వంచే కూర్చుంటారు. ఎత్తు మార్చుకునే స్టాండ్‌కి కొంచెం ఎక్కువే పడుతుంది, అయినా పెట్టండి. అంత కుదరకపోతే వెనక వెసా (VESA) రంధ్రాలున్న మానిటర్ తీసుకుంటే తర్వాత ఆర్మ్ బిగించుకోవచ్చు. బయల్దేరే ముందు బల్ల లోతు టేపుతో కొలవండి. కంటికీ తెరకీ మధ్య చేయి చాచినంత దూరమైనా ఉండాలి. మన ఇళ్లలో చదువు బల్లలు సన్నం. గోడకి ఆనించిన బల్ల మీద 27 అంగుళాలు పెడితే మూలలు చూడ్డానికి తల తిప్పాల్సి వస్తుంది.

వెలుతురు రెపరెపలాడని, ఫ్లికర్ ఫ్రీ అని రాసి ఉన్నది చూసుకుంటే కళ్లకి కొంత సుఖం. ఏ తెరా కళ్లని కాపాడదు. ప్రతి ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడటం, పగలు ఆరుబయట తిరగడం వాడు అలవాటు చేసుకోవాల్సినవే.

బడ్జెట్ ఎంతో వాడికి ముందే చెప్పమని అక్కతో అన్నాను. వాడికి మొదటినుంచీ 240 మీదే మనసు. "మామయ్యా, 180 తీసుకుంటే స్టాండ్ మంచిది వస్తుంది కదా, మిగిలిన డబ్బుకి హెడ్‌సెట్ కూడా వస్తుందా?" అని దుకాణంలో వాడే అడిగాడు. అడుగుల చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో వినడం ఆ ఆటలో సగం బలం. ఇంత వివరంగా ఆలోచించే పిల్లాడి ఆటని కాలక్షేపం అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకి పెట్టాలి, వీలైతే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడాలి. విండోస్ చాలాసార్లు కొత్త తెరని 60 హెర్ట్జ్ దగ్గరే ఉంచేస్తుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ అన్న చోటికి వెళ్లి మార్చుకోవాలి. ఆ తర్వాత తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు రంగులు ఒక్కొక్కటే నింపి, చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో మొదటి రోజే చూసుకోండి. అంతవరకు పెట్టె, థర్మకోల్ పారేయకండి.