పెరటి గుమ్మడి: ఏది నాటాలి, ఎలా కాయించాలి

ధనుర్మాసం వచ్చిందంటే కోస్తా పల్లెల్లో గుమ్మడి పూలకు గిరాకీ. తెలతెలవారుతుండగానే పెరట్లోకి వెళ్లి, విచ్చుకున్న పసుప్పచ్చని పూలు కోసుకొచ్చి గొబ్బెమ్మల మీద గుచ్చుతారు. నెలంతా ఇలా కోస్తున్నా కాయలకేమీ లోటు రాదు. ఎందుకంటే గుమ్మడి తీగకు మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ. తెలిసినవాళ్లు అడుగున చిన్న పిందె ఉన్న పువ్వు జోలికి పోరు. సన్నని కాడ మీద నిలిచిన మగపువ్వునే తుంచుతారు, అందులోనూ తేనెటీగల కోసం కొన్ని వదిలేస్తారు. గుమ్మడి పెంచాలనుకునే వాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైన పాఠం లేదు.

తీపి గుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండాలు. మెక్సికోలోని ఓహాకా ప్రాంతంలో, గిలా నకిట్స్ గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. కొలంబస్ ప్రయాణాల తర్వాతే అది మన దేశానికి చేరింది. వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి మాత్రం ఆసియా పంట. రెండూ ఒకే కుటుంబానివైనా ఒకదాని పుప్పొడి రెండోదానికి పనికిరాదు. కాబట్టి పక్కపక్కనే వేసుకున్నా భయం లేదు.

రకం ఎంచుకునే ముందు చోటు చూసుకోవాలి. తీపి గుమ్మడైనా, బూడిద గుమ్మడైనా తీగ నాలుగైదు మీటర్లు సునాయాసంగా పాకుతుంది. పెరడు విశాలంగా ఉంటే నేల మీద వదిలేయవచ్చు, లేదా దడి మీదుగా పాక పైకి ఎక్కించవచ్చు. ఇంట్లో నలుగురే ఉంటే పెద్ద కాయ కోసిన రోజు సగం వీధిలో పంచాల్సిందే. అలాంటి ఇంటికి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సూర్యముఖి సరిపోతుంది. కాయ సుమారు కిలో తూగుతుంది, పండు ఈగను కొంత తట్టుకుంటుంది. అదే సంస్థ రూపొందించిన అర్క చందన్ కాయలు రెండు మూడు కిలోలుంటాయి, కండ నారింజ రంగులో ఉంటుంది. పందిరి వేసే వీలుంటే ఆనప మేలు. మిద్దె తోటలో కుండీలే దిక్కయితే జుకినీ ప్రయత్నించవచ్చు. అది తీగలా పాకదు, పొదలా ఉంటుంది. మన దగ్గర చలికాలంలో బాగా వస్తుంది. కాయ జానెడు కాగానే లేతగా కోసేయాలి.

నాటడానికి రెండు అదనులున్నాయి: తొలకరిలో జూన్, జూలై నెలలు, వేసవి కాపుకు డిసెంబరు, జనవరి. పాదుకు పాదుకు మధ్య కనీసం రెండు మీటర్ల ఎడం ఉంచాలి. మూరెడు లోతున గుంట తీసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు మట్టితో కలిపి పూడ్చాలి. రాత్రంతా నానబెట్టిన గింజలు నాలుగైదు నాటి, మొలిచాక బలమైన రెండు మొక్కలు ఉంచి మిగతావి తీసేయాలి. వానాకాలంలో పాదు చుట్టూ నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుకే ఆ రోజుల్లో గుంట బదులు మట్టి ఎగదోసి మిట్ట మీద నాటడం మంచిది. ఆనపలో పక్క కొమ్మల మీదే ఆడపూలు ఎక్కువగా వస్తాయి కనుక తీగ పందిరి ఎక్కగానే కొస తుంచుతారు.

తీగ పచ్చగా పాకి, పూలు విరగబూసి, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతుంటే చాలామంది ఎరువు లోపమనుకుంటారు. తరచుగా అసలు కారణం పుప్పొడి అందకపోవడం. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి ఎగరదు, తేనెటీగ మోయాల్సిందే. తేనెటీగలు రాని మేడల మీద ఆ పని చేత్తో చేయాలి. తెల్లవారాక, ఎండ ముదరక ముందే అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో కోసి, రేకులు ఒలిచేయాలి. నడుమ నిలిచే పుప్పొడి కాడను ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రం మీద చుట్టూ మెల్లగా రుద్దాలి. పొద్దెక్కితే పువ్వు ముడుచుకుంటుంది, ఇక మర్నాడు ఇంకో పువ్వే. ఆనపది వేరే వేళ. దాని తెల్లపూలు సాయంత్రం విచ్చుతాయి గనుక పొద్దుగూకాక రుద్దాలి.

లేత మొక్కకు మొదటి శత్రువు ఎర్రటి పెంకు పురుగు. ఉదయం చల్లదనానికి మందకొడిగా ఉన్నప్పుడు ఏరేయడం తేలిక. ఆకుల మీద మంచు ఉండగా కట్టెల బూడిద చల్లడం పాత పద్ధతి. పండు ఈగ కుట్టిన పిందెలను ఏరి లోతుగా పూడ్చాలి, లేకపోతే లోపలి పురుగులు మళ్లీ ఈగలై వస్తాయి. బూడిద తెగులు కనబడిందని గంధకం మాత్రం చల్లకూడదు. ఈ జాతి తీగల ఆకులు దానికి మాడిపోతాయి.

తొడిమ ఎండి కట్టెలా మారి, తొక్కలోకి గోరు దిగకపోతే తీపి గుమ్మడి ముదిరినట్టు. రెండంగుళాల తొడిమ ఉంచి కోయాలి. తొడిమ ఊడిన కాయ త్వరగా కుళ్లుతుంది, దాన్ని ముందు వండేయాలి. మిగతావి గాలి తగిలే అటక మీద నెలల తరబడి నిలుస్తాయి. కూరలు పిరమైన రోజున పులుసులోకో దప్పళంలోకో అవే అక్కరకొస్తాయి. ఫ్రిజ్ అక్కర్లేకుండా ఇన్నాళ్లు నిలిచే పెరటి కూరగాయలు చాలా తక్కువ. ఆనపకాయ ముక్క మాత్రం వండేముందు కొరికి చూడాలి. చేదుగా ఉంటే పారేయాలి. ఆ చేదు ఒంటికి విషం.

గింజ దాచుకోవాలంటే సంకర రకం పనికిరాదు, దాని పిల్లలు తల్లిలా ఉండవు. దేశవాళీ రకమైనా చుట్టుపక్కల వేరే తీపి గుమ్మడి ఉంటే తేనెటీగ కలిపేస్తుంది. అందుకని మర్నాడు విచ్చే ఆడ, మగ మొగ్గలను ముందు సాయంత్రమే దారంతో కట్టి, పొద్దున్నే విప్పి పుప్పొడి రుద్ది, ఆడపువ్వును మళ్లీ కట్టేయాలి. ఆ కాయకు గుర్తుగా గుడ్డపీలిక కట్టి బాగా ముదరనిచ్చి, కోశాక మూడు నాలుగు వారాలు ఆగి గింజలు తీయాలి. నీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి డబ్బాలో పెడితే మూడు నాలుగేళ్లు మొలకెత్తే శక్తి ఉంటుంది.

మీ ఊళ్లో, మీ చుట్టాలింట్లో రుచిగా కాసే పాతరకం గుమ్మడి ఇంకా ఉంటే ఈ ఏడు గుప్పెడు గింజలు అడిగి తెచ్చుకోండి. తొలకరికి ఒక్క పాదు వేసి, మొదట ముదిరిన మంచి కాయను గింజకు వదలండి. పొరుగింటికి ముక్కతో పాటు ఆ గింజలు కూడా పంచండి.