కంటికి అందని నాణ్యతకే అదనపు ధర

కిరాణా సరుకుకు నాణ్యత పేరిట అడిగే అదనపు ధర ఎప్పుడు ఇవ్వదగినదన్నది, ఆ నాణ్యత కొనేవారి కంటికీ చేతికీ అందుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది; చూసి ఏరుకోగలిగిన సరుకు దగ్గర శ్రద్ధ డబ్బుకు బదులు పనిచేస్తుంది గానీ, పిండి పట్టించిన సరుకు దగ్గర, సీసాలో పోసిన సరుకు దగ్గర ఆ వీలుండదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో, వైశాలి నగర్ వంటి కాలనీల తెలుగు కుటుంబాలకు ఈ లెక్క మరికొంత చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే ఆంధ్ర నుంచి వచ్చే సరుకు ధరలో నాణ్యతతో పాటు లారీ కిరాయి, సొంత ఊరి మీది మమకారం కూడా కలిసి ఉంటాయి.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో వరి కోతకు ముందే, పైరు నిలిచి ఉండగానే, నేలలోని తడిని వాడుకునేలా తివరా గింజలు చల్లుతారు. ఈ పద్ధతిని ఉతేరా అంటారు, తివరా అంటే కేసరి పప్పు. ఇందులోని ఒడాప్ అనే విషపదార్థం వల్ల, దీన్నే ముఖ్యాహారంగా నెలల తరబడి తిన్నవారికి కాళ్లు చచ్చుబడే లాథిరిజం అనే వ్యాధి రావచ్చు. అందుకే 1961లో దీని అమ్మకంపై నిషేధం వచ్చింది, ఆ తరువాతి కాలంలో రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం విషం తక్కువగా ఉండే మహాతివరా రకాన్ని రూపొందించింది. కేసరి పప్పు కందిపప్పులో కలిస్తే చేటలో పోసి పట్టుకోవచ్చు: కందిబద్ద గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, కేసరి బద్ద ఒకవైపు ఏటవాలుగా, అంచులు తేలి, ఇంచుమించు చదరంగా కనిపిస్తుంది. చేట, పగటి వెలుతురు, కాస్త ఓపిక ఉన్న ఇంటికి ఖరీదైన ప్యాకెట్ కందిపప్పుతో పనిలేదు. అదే కేసరి పప్పు శనగపిండిలో కలిస్తే ఏ కన్నూ పట్టలేదు, కాబట్టి శనగపప్పు కొని మరపట్టించుకోవాలి, లేదా 1937 నాటి చట్టం కింద నాణ్యతా శ్రేణిని ధ్రువపరిచే ఆగ్‌మార్క్ ముద్ర ఉన్న పిండికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వాలి.

ఆవకాయ విషయంలో వెనకాడటం పొదుపు అనిపించుకోదు. ఏడాది నిలవ ఉండవలసిన జాడీలో నూనె చెడితే, దానితో పాటు మామిడికాయలు, ఆవపిండి, కారం, రెండు రోజుల చాకిరీ అన్నీ పోతాయి. ముక్కలపై తేలి గాలి తగలకుండా కాపాడే ఆ నూనె తానే కంపు కొట్టకూడదు. నువ్వుల నూనెలో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాలు నూనె గాలికి చెడటాన్ని ఆలస్యం చేస్తాయి కనుక, గానుగ నువ్వుల నూనెకు చెల్లించే అదనపు ధర ఇక్కడ అక్షరాలా న్యాయమైనది. అదే నూనెను గారెలు వేయించే మూకుడులో పోయడం మాత్రం వృథా, కాగే కొద్దీ దాని కమ్మదనం పోతుంది. ఉప్పు, పంచదారల్లో అదనపు ధర చాలావరకు సంచీ అందానికే పోతుంది.

బియ్యంలో పాతదనానికి విలువ ఉంది: కొన్ని నెలలు నిలవ ఉన్న గింజ నుంచి గంజి తక్కువగా దిగుతుంది, గింజ నీటిని ఎక్కువ పీల్చుకొని అన్నం పొడిపొడిగా ఒదుగుతుంది, కనుక హెచ్చు ధరలో కొంత గిన్నెలోనే తిరిగి వస్తుంది. దూరానికి మాత్రం ఆ విలువ లేదు. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి సన్నబియ్యమే, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే ఎంపిక చేసి పెంచిన హెచ్‌ఎంటీ కూడా సన్నబియ్యమే. రెండోది భిలాయి చుట్టుపక్కల మిల్లుల్లోనే ఆడుతుండగా మొదటిదాని బస్తాకు రవాణా ఖర్చు భరించడం మమకారం కోసమే అవుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ధమ్‌తరి జిల్లా నగరీ దుబరాజ్ బియ్యం సువాసన పరమాన్నంలో నిలుస్తుంది, పులుసు కలిపిన అన్నంలో మునిగిపోతుంది. దూరానికి విలువ లేకపోవడంలో చింతపండుదీ బియ్యం దారే. బస్తర్ చింతపండు జగ్దల్‌పూర్ మార్కెట్ నుంచి ఆంధ్రకు వెళుతుండగా, ఆంధ్ర ముద్ర ఉన్న పొట్లాన్ని భిలాయిలో కొనడం రానుపోను కిరాయి చెల్లించడం కావచ్చు. గింజ తీసిన చింతపండుకు అడిగే ఎక్కువ ధర మాత్రం కొట్టివేయదగింది కాదు, గింజతో కొన్నప్పుడు తూకంలో గింజ బరువుకు కూడా పులుపు ధరే చెల్లించవలసి వస్తుంది.