వాగ్నర్ వ్రాయని నాయిక

రిచర్డ్ వాగ్నర్ ఒపేరాల్లో నాయికగా పుట్టడమంత దురదృష్టం ఇంకొకటి ఉండదేమో! 'ఫ్లయింగ్ డచ్‌మన్'లో సెంటా, శాపగ్రస్తుడైన నావికుణ్ణి తరింపజెయ్యడానికి సముద్రంలో దూకుతుంది. 'టాన్‌హాయిజర్'లో ఎలిజబెత్, దారి తప్పినవాడి కోసం ప్రార్థించి ప్రార్థించి కన్నుమూస్తుంది. 'రింగ్' నాటకాల చివర బ్రూన్‌హిల్డె గుర్రంతో సహా ప్రియుడి చితిలోకి దూకేస్తుంది. సహగమనం కథలు మనకేం కొత్త కాదు గానీ, దానికింత దివ్యమైన సంగీతం కట్టడం మాత్రం కొత్తే. ఆఖరి నాటకం 'పార్సిఫల్'లో కుండ్రీ అనే ఆవిడకు మూడో అంకమంతటికీ సేవ చెయ్యాలన్న మాట తప్ప మరో మాట లేదు. తెర పడేలోపల ఆవిడా కూలిపోతుంది.

చచ్చిపోయే ఆడవాళ్ళ చేత ఈయన ఎంత బాగా పాడిస్తాడో వింటే కోపమూ కన్నీళ్ళూ ఒకేసారి వస్తాయి. 'ట్రిస్టన్-ఇజోల్డె' మొదట్లోనే వాద్యాలు ఏదో అడిగినట్లు పలికి ఆగిపోతాయి. షడ్జం మీద వాలని ఆలాపనలాగా, దాదాపు నాలుగు గంటలసేపు ఆ తపన తీరదు. ప్రియుడి శవం పక్కన ఇజోల్డె పాడి ప్రాణం విడిచినప్పుడు గాని ఆ స్వరాలకు విశ్రాంతి దొరకదు. (మన పద్యనాటకాల్లోలాగా మధ్యలో వన్స్‌మోర్ కొడదామంటే సందివ్వడు మహానుభావుడు!)

ఇక ఇంటి సంగతి. 1836లో పెళ్ళాడిన మిన్నా నటి. 1839లో అప్పులవాళ్ళ కళ్ళుగప్పి రీగా నుంచి ఆయన వెంట పారిపోయింది. పారిస్‌లో పస్తులుంది. జ్యూరిక్‌లో తలదాచుకోమని ఇల్లిచ్చిన పట్టు వర్తకుడి భార్య మతిల్డె మీద ఈయన మనసు పారేసుకున్నాడు. 1858లో ఆ ఉత్తరం కాస్తా మిన్నా చేతిలో పడింది. 'ట్రిస్టన్' పుట్టింది ఆ రోజుల్లోనే. 1865 జూన్ 10న మ్యూనిక్‌లో దాని తొలి ప్రదర్శన నడిపించినవాడు హాన్స్ ఫాన్ బ్యూలో. సరిగ్గా రెండు నెలల ముందు ఆయన భార్య కోసిమా వాగ్నర్ బిడ్డను కన్నది. ఆ పిల్లకు పెట్టిన పేరు ఇజోల్డె! మరుసటి ఏడు డ్రెస్డెన్‌లో మిన్నా పోతే అంత్యక్రియలకు కూడా వాగ్నర్ వెళ్ళలేదు. ఆవిడ చావుకు సంగీతం లేదు, పాపం.

గొప్పవాళ్ళ ఇళ్ళల్లో ఇవన్నీ మామూలేనని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేనిది వేరే ఉంది. 1856లో ఆయన 'విజేతలు' అనే పేరుతో ఒక బౌద్ధకథ వ్రాయాలనుకున్నాడు. బుద్ధుడి శిష్యుడైన ఆనందుణ్ణి ప్రేమించిన చండాల కన్య ప్రకృతి కథ. అవును, 1933లో రవీంద్రుడు 'చండాలిక'గా మలిచిందే. వాగ్నర్ ఊహలో ప్రకృతి పూర్వజన్మలో బ్రాహ్మణ కన్య. కులగర్వంతో చండాలరాజు కొడుకును కాదన్నందుకు, తీరని ప్రేమ అంటే ఏమిటో ఈ జన్మలో తానే అనుభవిస్తుంది. చివరకు బౌద్ధ సంఘంలో చేరుతుంది. ఆనందుడు చెల్లెలుగా స్వీకరిస్తాడు. ఈ అమ్మాయి దూకదు, కాలదు, బతుకుతుంది!

పుట్టుక చూసి మనిషిని తోసెయ్యడం పాపమని ఇంత చక్కగా ఊహించినవాడే, 1850లో మారుపేరుతో యూదుల సంగీతాన్నీ పుట్టుకనూ ఈసడిస్తూ వ్యాసం వ్రాశాడు. ఏదో కష్టకాలంలో నోరు జారాడనుకుందామా? ప్రకృతి కథ ఊహించిన పదమూడేళ్ళకు, 1869లో, దాన్నే సొంత పేరుతో మళ్ళీ అచ్చు వేయించాడు. కష్టాల్లో తనకు చెయ్యందించిన మేయర్‌బేర్ యూదుడు. 1882లో 'పార్సిఫల్' నడిపించిన హెర్మన్ లేవీ యూదుడు. ఆ లేవీని మతం మార్చుకోమని అడక్కుండా ఉండలేకపోయాడు. తరువాత బైరాయిట్‌లోని ఆయన నాటకశాలకు హిట్లర్ అతిథిగా వచ్చాడంటే ఆ పాపం వాగ్నర్‌ది కాదని వాదించేవాళ్ళున్నారు. కాకపోవచ్చు. వ్యాసం మాత్రం ఆయనదే.

2001లో జెరూసలేంలో బారెన్‌బోయిమ్ 'ట్రిస్టన్' వాయించబోతే కొందరు కోపంగా లేచి వెళ్ళిపోయారు, తక్కినవాళ్ళు కూర్చుని విన్నారు. నేనయితే కూర్చునేదాన్నే. వెళ్ళిపోయినవాళ్ళను తప్పుపట్టడానికి మాత్రం నోరు రాదు.

'విజేతలు' కొద్దిపాటి ప్రణాళిక దగ్గరే ఆగిపోయింది. ప్రకృతి గొంతు ఎలా ఉంటుందో మనకు వినిపించకుండానే, 1883లో వెనిస్‌లో ఆయన కన్నుమూశాడు.