పెట్టె మనదే, తాళం వాళ్లది

2004లో అమెరికా మార్కెట్లోకి హెచ్‌ఆర్10-250 అనే టీవీ పెట్టె ఒకటి వచ్చింది. డైరెక్‌టీవీ ఉపగ్రహ ప్రసారాల కోసం హ్యూస్ కంపెనీ తయారుచేసింది. లోపల టివో సాఫ్ట్‌వేర్, 250 గిగాబైట్ల హార్డ్‌డిస్కు, నాలుగు ట్యూనర్లు. హెచ్‌డీ కార్యక్రమాలు 30 గంటల దాకా రికార్డు చేసుకోవచ్చు. ఖరీదు వెయ్యి డాలర్లకు ఒక్క డాలరు తక్కువ. అంత పోసి కొన్నవాళ్లు ఇంటికొచ్చిన నలుగురికీ గర్వంగానే చూపించుకున్నారు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. 2005 చివరినుంచి డైరెక్‌టీవీ తన కొత్త హెచ్‌డీ చానళ్లను ఎంపెగ్-4 అనే వీడియో కుదింపు పద్ధతిలో పంపడం మొదలుపెట్టింది. ఈ పెట్టెకు తెలిసింది ఎంపెగ్-2 ఒక్కటే. 2007లో కొత్త ఉపగ్రహం ఎక్కి హెచ్‌డీ చానళ్లు పదుల సంఖ్యలో వచ్చిపడినా, వెయ్యి డాలర్ల పెట్టె వాటిలో ఒక్కదాన్నీ చూపించలేకపోయింది. యంత్రం చెడిపోలేదు, ఎవరూ దాన్ని ఎత్తుకుపోలేదు. పైనుంచి వచ్చే సంకేతం మారింది, అంతే.

ఉపగ్రహ టీవీ రిసీవర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాలా, కంపెనీ దగ్గర కొత్తది లీజుకు తీసుకోవాలా అని అమెరికాలో ఏళ్ల తరబడి వాదన నడిచింది. లెక్క తేలిగ్గా తేలేదైతే అంతకాలం నడిచేది కాదు.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 1994 జూన్ 17న మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ పట్టణంలో డైరెక్‌టీవీ తొలి పెట్టెలు అమ్ముడయ్యాయి. అప్పటిదాకా ఉపగ్రహ టీవీ అంటే పెరట్లో ఎనిమిది పదడుగుల డిష్ పాతుకోవాల్సిందే. దాని స్థానంలో 18 అంగుళాల డిష్, ఆర్‌సీఏ బ్రాండు రిసీవర్ కలిపి 700 డాలర్లకు దుకాణంలో దొరికాయి. టీవీ కొన్నట్టే జనం వాటినీ కొన్నారు. 1996లో పోటీ కంపెనీ డిష్ నెట్‌వర్క్ రంగంలోకి దిగాక ధరలు 200 డాలర్లకు పడిపోయాయి. తయారీ ఖర్చు అంతగా తగ్గిందని కాదు. మిగతాది కంపెనీలే భరించాయి. 2005 నాటికి ఒక్కో కొత్త చందాదారును రాబట్టుకోవడానికి డైరెక్‌టీవీకి 600 డాలర్లు దాటి ఖర్చవుతోంది.

అంత పెట్టి తెచ్చుకున్న మనిషి ఏడాది తిరగ్గానే కేబుల్‌కు మారిపోతే? పెట్టె అతని అటక మీద ఉండిపోతుంది, లేదంటే ఈబేలో అమ్మకానికి పోతుంది. కంపెనీ పెట్టిన సొమ్ము తిరిగి రాదు. అందుకే 2006 మార్చి 1 నుంచి డైరెక్‌టీవీ కొత్త రిసీవర్లను అమ్మడం మానేసి లీజుకిచ్చింది. డిష్ నెట్‌వర్క్ ఆ దారి అంతకుముందే పట్టింది. దీంతో పెట్టె కంపెనీ ఆస్తిగా లెక్కల్లోకి ఎక్కింది. దాని ఖర్చును ఒక్కసారిగా నష్టం కింద రాయకుండా కొన్నేళ్లకు పంచుకునే వీలు చిక్కింది. చందాదారు వెళ్లిపోతే పెట్టెను వెనక్కి తెప్పించి, తుడిచి, పరీక్షించి, ఇంకో ఇంటికి పంపొచ్చు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. లీజు అనగానే సీలు తీయని కొత్త పెట్టె వస్తుందని జనం అనుకుంటారు. ఒప్పందంలో మాత్రం పరికరం కొత్తదైనా కావచ్చు, బాగుచేసిన పాతదైనా కావచ్చు అని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ వద్దనుకుని లీజుకు వెళ్లిన మనిషి ఇంటికి, ఇంకెవరో మూడేళ్లు వాడి వదిలిన పెట్టె రావచ్చు. తేడా ఒక్కటే, అది చెడిపోతే మార్చిచ్చే బాధ్యత కంపెనీది.

ఇక డబ్బు సంగతి. 2006 తర్వాత రెండో టీవీకి పెట్టె లీజుకు తీసుకుంటే నెలకు 4.99 డాలర్లు. ఆ పెట్టె మీ సొంతమైతే? అప్పుడూ 4.99 డాలర్లే! ఒకదాని పేరు లీజు రుసుము, రెండోదాని పేరు అదనపు రిసీవర్ రుసుము. తర్వాతి ఏళ్లలో ఇవి ‘టీవీ యాక్సెస్ ఫీజు’గా మారి 7 డాలర్లకు చేరాయి. సొంత పెట్టెకు కంపెనీకి అద్దె ఎందుకు కట్టాలని చాలామంది గింజుకున్నారు. కంపెనీ లెక్కలో అది పెట్టెకు కట్టే అద్దె కాదు, ఇంకో టీవీలో చానళ్లు తెరవడానికి కట్టే రుసుము. కాబట్టి పాత పెట్టె కొంటే నెలనెలా ఆదా అవుతుందన్న లెక్క ఇక్కడే తప్పుతుంది.

మరి జనం ఎందుకు కొన్నారు? ఒప్పందం కోసం. లీజు పెట్టెతో పాటు రెండేళ్ల కట్టుబాటు వచ్చేది. మధ్యలో మానేస్తే మిగిలిన ప్రతి నెలకూ 20 డాలర్ల చొప్పున, అంటే గరిష్ఠంగా 480 డాలర్లు కట్టాల్సి వచ్చేది. సొంత పెట్టె తెరిపించుకుంటే సాధారణంగా ఆ కొత్త కట్టుబాటు మొదలయ్యేది కాదు. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, చానళ్ల మీద మోజు తీరినా ఒక్క ఫోనుతో సరి. పెట్టె వాపసు పంపే పని ఉండేది కాదు. గడువులోగా పంపలేదని కార్డు నుంచి వందల డాలర్లు కోసేస్తారన్న భయం కూడా ఉండేది కాదు.

అందుకే పాత రిసీవర్లకు ఈబేలో, ఇంటి ముంగిట పెట్టే గ్యారేజ్ అమ్మకాల్లో మంచి గిరాకీ ఉండేది. వాటిని కొనడం తెలివిగా చేయాల్సిన పని. తెలిసినవాళ్లు ముందు రంగు, రిమోట్, గీతలు చూడరు. రిసీవర్ ఐడీ అడుగుతారు. ప్రతి పెట్టెకూ అలాంటి సంఖ్య ఒకటి ఉంటుంది. దాంతో కంపెనీకి ఫోన్ చేస్తే ఆ పెట్టె అమ్మినదా, లీజుకిచ్చినదా, దాని మీద పాత బాకీ ఉందా అన్నది తేలుతుంది. 2006 తర్వాత తయారైన మోడళ్లలో చాలావరకు లీజువే. దుకాణంలో 100 నుంచి 300 డాలర్లు కట్టి తెచ్చుకున్నవాళ్లకే అది తమ సొంతం కాదని తెలియదు. కట్టింది ముందస్తు లీజు సొమ్ము. ఆ సంగతి తెలియక ఏడాది తర్వాత నమ్మకంగా అమ్మకానికి పెట్టేవాళ్లు. కొన్నవాళ్లు తెరిపించుకోబోతే కంపెనీ కుదరదనేది. అమ్మినవాడు మోసగాడు కాకపోయినా కొన్నవాడు మాత్రం మోసపోయేవాడు.

తర్వాత చూడాల్సింది కార్డు. రిసీవర్‌లో దూర్చే యాక్సెస్ కార్డు ఒకసారి ఒక పెట్టెతో జతపడితే ఇంకో పెట్టెలో పనిచేయదు. పాత పెట్టె కొన్నవాళ్లు కొత్త కార్డుకు 20 డాలర్లు కట్టి తెప్పించుకోవాల్సి వచ్చేది. రికార్డింగ్ ఉన్న పెట్టె అయితే హార్డ్‌డిస్కు వయసు కూడా లెక్క వేయాలి. టీవీ కట్టేసినా అది రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. అయిదేళ్ల పెట్టె అంటే అయిదేళ్లు ఆగకుండా తిరిగిన డిస్కు. పాత యజమాని దాచుకున్న సినిమాలు కొన్నవాళ్లకు కనబడవు కూడా. రికార్డింగులన్నీ ఆ పెట్టెకు, ఆ ఖాతాకు కట్టుబడి ఉండేలా కంపెనీ లాక్ చేస్తుంది. పవర్ సప్లయ్‌లో కెపాసిటర్లు ఉబ్బాయా, ఫ్యాను గరగరలాడుతోందా అన్నవి ఆ తర్వాత చూసుకోవాలి.

కార్డు దగ్గర కంపెనీ పట్టు ఎంత గట్టిదో 2001 జనవరి 21న తెలిసింది. అప్పట్లో అమెరికాలో హ్యాక్ చేసిన కార్డులకు పెద్ద మార్కెట్టే ఉండేది. పెట్టె కొనుక్కుని దొంగ కార్డు దూర్చితే అన్ని చానళ్లూ ఉచితమే. డైరెక్‌టీవీ కొన్ని నెలలపాటు ఉపగ్రహం ద్వారా చిన్న చిన్న కోడ్ ముక్కలు పంపుతూ వచ్చింది. విడివిడిగా చూస్తే వాటికి అర్థం లేదు. సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీకి సరిగ్గా వారం ముందు, ఆదివారం రాత్రి, అవన్నీ ఒక్కటై హ్యాక్ చేసిన కార్డులను ఒక్కదెబ్బకు చంపేశాయి. ‘బ్లాక్ సండే’ అని దానికి పేరు పడింది. దొంగల సంగతి పక్కన పెడదాం. హాల్లో ఉన్న పెట్టె లోపలి కార్డును 36 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి కంపెనీ పనికిరాకుండా చేయగలదు. అది సొంత పెట్టెలో ఉన్నా ఒకటే, లీజు పెట్టెలో ఉన్నా ఒకటే.

లీజు పక్షం కూడా పాలతో కడిగినట్టేం లేదు. 2010 డిసెంబరులో దేశంలోని దాదాపు అన్ని రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో డైరెక్‌టీవీ ఒక రాజీకి వచ్చి 1.325 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆరోపణల్లో ముఖ్యమైనది, చెడిపోయిన పరికరాన్ని మార్చినప్పుడు వినియోగదారుకు స్పష్టంగా చెప్పకుండానే కొత్త ఒప్పందంలో చేర్చడం. పెట్టె పాడైందని ఫోన్ చేసిన మనిషి తనకు తెలియకుండానే మళ్లీ కట్టుబాటులో పడతాడన్నమాట.

తర్వాత ప్రభుత్వమూ కదిలింది. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ అధ్యక్షుడు టామ్ వీలర్ 2016లో పెట్టెల మార్కెట్‌ను తెరవాలని ప్రతిపాదించాడు. నూటికి 99 మంది పెట్టెలు అద్దెకే తీసుకుంటున్నారని, సగటు కుటుంబం ఏటా 231 డాలర్లు వీటికే కడుతోందని ఆయన వాదన. కేబుల్, ఉపగ్రహ కంపెనీలు గట్టిగా అడ్డుపడ్డాయి. సెప్టెంబరులో ఓటుకు రావాల్సిన ఆ ప్రతిపాదన ఎజెండా నుంచి జారిపోయి, మరి తిరిగి రాలేదు. 2019 డిసెంబరులో వచ్చిన చట్టం మాత్రం, కంపెనీ ఇవ్వని పరికరానికి అద్దె వసూలు చేయకూడదని తేల్చింది. అప్పటికి చాలా ఇళ్లలో టీవీ ఇంటర్నెట్‌కు మారిపోయింది. అక్కడి తెలుగువాళ్లయితే డిష్‌లు వదిలి యప్‌టీవీ లాంటి సర్వీసుల్లో తెలుగు చానళ్లు చూడటం మొదలుపెట్టి చాలాకాలమైంది.

మన దగ్గర కథ ఇదే, వేషం వేరు. 2001లో కేంద్రం డీటీహెచ్ లైసెన్సుల మార్గదర్శకాలు రాసినప్పుడే, ఏ కంపెనీ పెట్టె అయినా ఇంకో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని షరతు పెట్టింది. ఆచరణలో అది జరగలేదు. ఒక కంపెనీ ఎంపెగ్-2, ఇంకోటి ఎంపెగ్-4. ఒక్కో కంపెనీది ఒక్కో గూఢ పద్ధతి. 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మళ్లీ అదే సిఫారసు చేయాల్సి వచ్చింది. ఇక్కడ పెట్టె కొన్నామనే అందరూ అనుకుంటారు. కంపెనీ మారితే మాత్రం డిష్, పెట్టె రెండూ అటకెక్కుతాయి. అద్దె పద్ధతి నిబంధనల్లో ఉన్నా, డీలరు నోట ఆ మాట వినడం కష్టం. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు కొందరు ఇక్కడి పెట్టెలు పట్టుకెళ్లి, పెద్ద డిష్ పెట్టి, ఊళ్లో ఇంటివాళ్ల చేత రీఛార్జి చేయించుకుని చూశారు. ఆ కంపెనీల లైసెన్సు భారతదేశం వరకే కాబట్టి అక్కడ అది చట్టం దృష్టిలో తప్పు.

దీనికంతటికీ మినహాయింపు ఒకటుంది, డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరు 16న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ 33 చానళ్లతో దీన్ని ప్రారంభించారు. నెల చందా లేదు, కార్డు లేదు. ఉచిత ప్రసారాలు అందుకోగల ఏ బ్రాండు పెట్టె అయినా పనిచేస్తుంది. మండల కేంద్రంలో రిపేరు షాపు ముందు పేర్చిన పాత పెట్టెల్లోంచి ఒకటి ఏరుకుని, అక్కడే టీవీకి తగిలించి, బొమ్మ వస్తే కొనుక్కోవచ్చు. ఫోన్ చేసి అనుమతి అడగాల్సిన కంపెనీ లేదు. సెకండ్ హ్యాండ్ వస్తువు అంటే ఇలా ఉండాలి. బేరం అమ్మేవాడికి, కొనేవాడికి మధ్యే తేలిపోవాలి. కార్డు ఉన్న పెట్టె బేరంలో మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు, చివరి మాట అతనిదే.

కాబట్టి తీర్పు ఇలా చెప్పొచ్చు. రోజూ చూసే ఇంటికి, రికార్డింగ్ కావాలనుకునే కుటుంబానికి లీజే మేలు. పాతబడే ప్రమాదం, చెడిపోయే ప్రమాదం రెండూ కంపెనీ నెత్తిన ఉంటాయి. డైరెక్‌టీవీ ఎంపెగ్-4కు మారినప్పుడు పాత సొంత పెట్టెలు పట్టుకున్నవాళ్లకు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. ఏడాదికి రెండు మూడు నెలలే వాడే సెలవుల ఇంటికి, ఊళ్లు తిరిగే బండికి మాత్రం సొంత పెట్టె లాభం. అమెరికాలో కారవాన్లలో తిరిగేవాళ్ల కోసం డిష్ నెట్‌వర్క్ ఇప్పటికీ ఆ పద్ధతి ఉంచింది. పెట్టె కొనుక్కుని, కావాల్సిన నెలకు మాత్రం చందా కడితే సరిపోతుంది.

అలా కొనేటప్పుడు సొమ్ము చేతిలో పెట్టకముందే రిసీవర్ నంబరు తీసుకుని కంపెనీకి ఫోన్ చేయండి. పెట్టె సొంతమని, బాకీ లేదని వాళ్ల నోట విన్నాకే డబ్బివ్వండి. నంబరు తర్వాత చెబుతానని అమ్మేవాడు నసిగితే ఆ బేరం అక్కడితో వదిలేయండి.