‘బాక్‌వర్డ్’ అనే విశేషణం

నామవాచకం వస్తువును చూపుతుంది. విశేషణం ఆ వస్తువుపై ఎవరో ఇచ్చిన తీర్పును చూపుతుంది. తీర్పరి ఎవరో మరచిపోయేంతగా వాడుకలో నలిగిన ఇంగ్లీషు విశేషణాలలో ‘బాక్‌వర్డ్’ ముఖ్యమైనది. బాక్‌వర్డ్ ఏరియా, బాక్‌వర్డ్ క్లాసు, బాక్‌వర్డ్ స్టూడెంటు - పల్నాటిలో ఈ మూడూ తెలుగు మాటలంత సహజంగా వినిపిస్తున్నవి. కనుక ఈ మాటను కొంచెం విప్పి చూడవలసి వున్నది.

ఇంగ్లీషులో ఇది మొదట దిక్కును చెప్పే మాట. వెనక్కి వేసిన అడుగు, వెనక్కి తిప్పిన చూపు బాక్‌వర్డ్. తరువాత అర్థం విస్తరించింది. అదనుకు ఎదగని పైరు, అడగడానికి జంకే మనిషి, పాఠం త్వరగా అందుకోలేని పిల్లవాడు, చివరకు దేశాలూ జాతులూ బాక్‌వర్డ్ అయినవి. దిక్కును చెప్పిన మాట స్వభావాన్ని చెప్పే మాటగా మారింది. వలసపాలకులకు ఈ మార్పు ఎంతో అక్కరకు వచ్చింది. దోచుకున్న దేశాన్ని పేదదేశం అంటే కారణం చెప్పవలసి వస్తుంది. బాక్‌వర్డ్ అంటే ఆ బాధ లేదు.

తెలుగులో ఈ అర్థాలకు వేరువేరు మాటలున్నవి. అడుగైతే వెనుకంజ, జంకైతే వెనుకాడడం. వీటన్నిటినీ తోసివేసి నేడు ‘వెనుకబడిన’ అనే మాట ఒక్కటే రాజ్యమేలుతున్నది. అయితే ఇది క్రియాజన్య విశేషణం. దీనిలో కాలం వున్నది: ఒకప్పుడు ఏదో జరిగింది, అందువల్ల ఇలా అయింది అని ఒప్పుకుంటున్నది. ఇంతవరకు ఇంగ్లీషు మాటకన్న ఇది నిజాయితీ గలది. కాని దీనిలోనూ ఒక మోసం వున్నది. ‘కొట్టబడిన’ అంటే కొట్టినవాడొకడు వుంటాడు. ‘వెనుకబడిన’ అన్నమాట పైకి అలాంటి కర్మణి ప్రయోగంలాగే కనిపించినా, దీనికి కర్త లేడు. ఎవరూ నెట్టకుండా తనంతట తానే పడినట్లు!

పల్నాటి సంగతే చూడండి. కృష్ణ ఈ సీమ ఉత్తరపు అంచునే పారుతుంది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టాకు నీరందింది. పల్నాటికి సాగర్ కుడికాలువ నీరు 1967లో వచ్చింది. మధ్యన 112 సంవత్సరాలు! ఆ కాలమంతా డెల్టా ‘ముందున్నది’, పల్నాడు ‘వెనుకబడినది’. జలాశయం కోసం ఇక్ష్వాకుల విజయపురి వెలసిన లోయను నీట ముంచి ఇచ్చింది ఈ సీమే. అయినా మాచర్ల ఎగువ మెట్టలకు నీరెక్కించే వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులోనూ జరిగింది శంకుస్థాపనే. ఇది నేల స్వభావమా? ప్రభుత్వాల నిర్ణయాల చరిత్రా?

శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులు పల్నాటిని తిట్టినవని మనవారికి కోపం. నిజమే, ఆ ఎగతాళిలో సన్నబియ్యం తిన్న ఆస్థానకవి దర్పం వున్నది. కాని ఆయన రాళ్ళను చూశాడు, జొన్నకూటిని చూశాడు, దాహాన్ని చూశాడు. చూసినదాన్ని పేరుపెట్టి చెప్పాడు. ‘బాక్‌వర్డ్’ అని రాసుకుపోయే అధికారి వీటిలో ఒక్కదానినీ చూడనవసరం లేదు.

అట్లయితే ఈ మాటను పారవేద్దామా? తొందరపడరాదు. చంపకం దొరైరాజన్ కేసు తీర్పు తరువాత, 1951లో మొదటి సవరణతో రాజ్యాంగంలో 15(4) చేరింది. అక్కడ ‘సామాజికంగా, విద్యాపరంగా’ బాక్‌వర్డ్ వర్గాలు అని వున్నది. ఆ రెండు క్రియావిశేషణాలూ చిన్నవి కావు. దేనిలో వెనుక అనే ప్రశ్నకు అవి జవాబు. ప్రభుత్వం ఏంచేయాలో చెప్పడానికి ఆధారం. అవమానంగా పుట్టిన మాటను ప్రజలు హక్కుపత్రంగా మార్చుకున్నారు. ఆ హక్కు చాలనివారు ఆ మాటను సభ్యత పేరిట వదులుకోలేరు.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ వెలువరించాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో పంపిన సందేశాన్ని ఆకలిగొన్న అస్పృశ్యుడు గబ్బిలంతో పంపాడు. గుడిలోకి అతడిని రానీయని సమాజం ముందున్నదా, ఆ సమాజాన్ని నిలదీసిన కవి ముందున్నాడా? 1913లో లెనిన్ ఒక వ్యాసానికి ‘వెనుకబడిన ఐరోపా, పురోగామి ఆసియా’ అని పేరు పెట్టి ఇదే పని చేశాడు. యంత్రాలున్న ఐరోపాను వెనుకబడినదన్నాడు, పోరాడుతున్న ఆసియాను ముందున్నదన్నాడు. కొలబద్ద మారితే వరుస తలక్రిందులవుతుంది.

కథలోగాని, పాఠంలోగాని, ప్రభుత్వ నివేదికలోగాని ‘వెనుకబడిన’ అన్న మాట ఎదురైనప్పుడు విద్యార్థులచేత మూడు ప్రశ్నలు వేయించాలి: దేనిలో? ఎప్పటినుండి? ఎవరివల్ల? మూడింటికీ జవాబు చెప్పగల వాక్యం సమాచారమిస్తుంది. మూడవదానిని తప్పించుకునే వాక్యం, అది ఎంత సానుభూతితో రాసినదైనా, నెట్టినవాని పక్షానే నిలబడుతుంది.